దుబాయ్ పనికి వెళ్లే ముందు: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

తొమ్మిదేళ్లు దుబాయ్‌లో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీ హెచ్‌ఆర్‌లో చేశాను. కొత్తగా దిగినవాళ్లని ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకురావడం, మెడికల్‌కి తిప్పడం, అక్కడి గుర్తింపు కార్డు ఎమిరేట్స్ ఐడీకి వేలిముద్రలు ఇప్పించడం, పనివాళ్లు ఉండే సోనాపూర్ క్యాంపులో ఎవరి బెడ్ ఏదో చూపించడం, ఇదంతా మా సెక్షన్ పనే. ఇప్పుడు జగిత్యాలలో ఉంటూ వెళ్లబోయేవాళ్ల కాగితాలు చూసిపెడుతున్నా. అక్కడ ఏడ్చినవాళ్లలో చాలామంది సమస్య అక్కడ పుట్టింది కాదు, ఇక్కడ సంతకం పెట్టిన రోజే పుట్టింది, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: "ఆజాద్ వీసా అన్నా, పోయినంక ఎక్కడైనా పని చేసుకోవచ్చంట."

ఆజాద్ వీసా అనేది యూఏఈ చట్టంలో ఎక్కడా లేదు. ప్రతి వర్క్ పర్మిట్ మీద ఒక యజమాని పేరు ఉంటుంది, ఆ పేరు కాకుండా ఇంకోచోట పర్మిట్ లేకుండా పని చేస్తే అది నేరమే. మన ఊళ్లలో ఆజాద్ అని అమ్మేది ఏంటంటే, ఎవరో ఒకాయన తన లైసెన్స్ మీద వీసా తీసి ఇస్తాడు, పని ఇవ్వడు, జీతం ఇవ్వడు, మనమే బయట పని వెతుక్కోవాలి, రెన్యూవల్ వచ్చినప్పుడల్లా మళ్లీ డబ్బు కట్టాలి. బయట పని చేయించుకున్నవాడు రెండు నెలల జీతం ఎగ్గొడితే కంప్లైంట్ ఇద్దామన్నా కాగితం మీద మన యజమాని వాడు కాదు కదా.

అపోహ: "విజిట్ మీద పోదాం, అక్కడ వీసా మార్చేస్తారు."

విజిట్ వీసా మీద వెళ్లి ఇంటర్వ్యూలు ఇచ్చుకోవచ్చు, జాబ్ దొరికితే కంపెనీ పద్ధతి ప్రకారం ఎంప్లాయ్‌మెంట్ వీసా తీస్తుంది, అందులో తప్పులేదు, చదువుకున్నవాళ్లు చాలామంది అలానే సెటిల్ అయ్యారు. కానీ విజిట్ మీద ఉండగా పని మొదలుపెట్టకూడదు. 2024లో చట్టం మార్చి, పర్మిట్ లేకుండా పని చేయించుకున్న యజమానికి లక్ష దిర్హమ్‌ల నుంచి పది లక్షల దిర్హమ్‌ల దాకా జరిమానా పెట్టారు. ఏజెంట్ మాత్రం "ట్రయల్ పీరియడ్" అని చెప్పి పంపిస్తాడు. వీసా గడువు దాటితే రోజుకి 50 దిర్హమ్‌ల ఫైన్, అది పడేది మన మీదే.

పాస్‌పోర్ట్‌లో ఈసీఆర్ ఉన్నవాళ్లని విజిట్ మీద పంపడం వెనక ఇంకో కారణం ఉంది. ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) ముద్ర పడేది పదో తరగతి పాస్ కానివాళ్లకి, లేదా పాస్ అయి కూడా అప్లికేషన్‌లో మెమో పెట్టనివాళ్లకి. వీళ్లు గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకి ఉద్యోగానికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి, మన సర్కారు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో కంపెనీ వివరాలు, జీతం, కాంట్రాక్ట్ అన్నీ ఎక్కాలి. విజిట్ వీసాకి ఇవేవీ అడగరు. ఈసీఆర్ పడిందని బాధపడేవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు, నేను చెప్పేది ఒకటే, మీ కాగితం సర్కారు ఒకసారి చూసేది ఆ ముద్ర వల్లనే, దాన్ని దొడ్డిదారిన దాటకండి. టెన్త్ మెమో నిజంగా ఉంటే మాత్రం పాస్‌పోర్ట్ రీ-ఇష్యూకి పెట్టి తీయించుకోండి.

అపోహ: "లక్షన్నర కట్టకుండా గల్ఫ్ వీసా ఎవడిస్తాడు?"

మన దగ్గర రిజిస్టర్డ్ ఏజెంట్ తీసుకోగలిగే సర్వీస్ చార్జి గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 35,400. రసీదు ఇవ్వాలి. వీసా, వర్క్ పర్మిట్ ఖర్చులు యూఏఈ చట్టం ప్రకారం కంపెనీవే, పనివాడి నుంచి వసూలు చేయకూడదు. ఏజెంట్ రిజిస్టర్డా కాదా అన్నది ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో లైసెన్స్ నంబర్ కొట్టి చూడొచ్చు, రెండు నిమిషాల పని. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రాలో ఓంక్యాప్ అని విదేశాలకి పనికి పంపే సర్కారు సంస్థలే ఉన్నాయి, ముందు అక్కడ అడిగి చూడండి.

మా ఊరి లెక్క చెప్తా. లక్షా ఇరవై వేలు మూడు రూపాయల మిత్తికి తెస్తే నెలకి 3,600 వడ్డీకే పోతుంది. అక్కడ మొదటి జీతం చేతికొచ్చేసరికి రెండు నెలలు దాటుతుంది, అప్పటికే 7,200 బాకీ. ఇంత అప్పు నెత్తిన పెట్టుకున్న మనిషి అక్కడ ఎంత అన్యాయం జరిగినా నోరు విప్పలేడు, వెనక్కి రాలేడు. నేను క్యాంపులో చూసిన మౌనం అంతా ఈ వడ్డీ నుంచి వచ్చిందే.

అపోహ: "జీతం మొత్తం ఎంతో చూసుకుంటే చాలు."

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా మోసపోయేది ఇక్కడే. జీతం 1,800 దిర్హమ్‌లు అంటారు, సంతోషంగా సంతకం పెడతాం. అందులో బేసిక్ ఎంత, అలవెన్స్ ఎంత అని చూడం. ఓవర్‌టైమ్, గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) రెండూ బేసిక్ మీదే లెక్కేస్తారు. ఒకే 1,800లో ఒకరికి బేసిక్ 1,000, ఇంకొకరికి 1,500 ఉందనుకోండి. గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లకి ఏడాదికి 21 రోజుల బేసిక్. మొదటివాడికి ఏడాదికి 700, రెండోవాడికి 1,050, ఐదేళ్లకి 3,500 ఒకరికి, 5,250 ఇంకొకరికి. పగటి ఓవర్‌టైమ్ బేసిక్ గంట రేటుకి 25 శాతం ఎక్కువ, మొదటివాడికి గంటకి అయిదు దిర్హమ్‌ల చిల్లర, రెండోవాడికి ఏడున్నర పైన. రోజూ రెండు గంటలు ఓటీ చేసే మేస్త్రీకి ఈ తేడా నెల తిరిగేసరికి ఎంతవుతుందో మీరే వేసుకోండి. జీతం ఒకటే, పని ఒకటే, మారింది కాగితం మీద ఒక్క గడి.

కాబట్టి ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని చూడాల్సింది ముందు బేసిక్, తర్వాత డెసిగ్నేషన్, తర్వాత రూమ్, తిండి కంపెనీదా మనదా, ప్రొబేషన్ ఎంత (ఆరు నెలలు దాటకూడదు). ఆ ఆఫర్ లెటర్ కంపెనీ లెటర్‌హెడ్ మీద కొట్టిన కాగితం కాదు, అక్కడి కార్మిక మంత్రిత్వ శాఖ మోహ్రే ఫార్మాట్‌లో ఉండాలి, దాని మీద ట్రాన్సాక్షన్ నంబర్ ఉంటుంది, మోహ్రే సైట్‌లో కొట్టి నిజమో కాదో చూడొచ్చు. అరబిక్, ఇంగ్లీష్‌తో పాటు హిందీలో కూడా ఇస్తారు, ఇంగ్లీష్ రాకపోతే హిందీ కాపీ అడగండి. "అక్కడికి పోయాక మంచి కాంట్రాక్ట్ చేస్తారు" అని ఎవరన్నా అంటే నమ్మొద్దు, బేరం ఆడే బలం మనకి విమానం ఎక్కకముందే ఉంటుంది.

అపోహ: "పాస్‌పోర్ట్ కంపెనీ దగ్గరే ఉండాలి, అది రూల్."

రూల్ కాదు. కార్మికుడి పత్రాలు యజమాని తన దగ్గర పెట్టుకోకూడదని 2021 నాటి లేబర్ చట్టంలోనే ఉంది, అది 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. వీసా పనుల కోసం తీసుకుంటారు, పని అయ్యాక వెనక్కి అడగండి, మర్యాదగానే, కానీ అడగండి.

అపోహ: "డిగ్రీ ఉంది చాలు, సర్టిఫికెట్ నీట్‌గా లామినేషన్ చేయించా."

అయ్యో, అదే చేయకండి. స్కిల్డ్ కేటగిరీ జాబులకి డిగ్రీ అటెస్టేషన్ అడుగుతారు, ముందు రాష్ట్రం లెవెల్‌లో, తర్వాత విదేశాంగ శాఖ, తర్వాత యూఏఈ ఎంబసీ, చివరికి అక్కడ దిగాక వాళ్ల విదేశాంగ శాఖ. ఆ స్టాంపులు సర్టిఫికెట్ వెనకవైపు పడాలి, లామినేషన్ మీద పడవు. తీయించబోతే కాగితం చిరిగిపోయిన కేసులు చూశాను. వారాలు పట్టే పని, ఆఫర్ వచ్చాక పరిగెత్తేకన్నా ముందే మొదలుపెట్టండి. ఫ్యామిలీని తీసుకెళ్లే ఆలోచన ఉంటే మ్యారేజ్ సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్ కూడా ఇదే దారిలో వెళ్లాలి, వీటిలో పేరు, పాస్‌పోర్ట్‌లో పేరు ఒక్కటేనా అని ఇవాళే చూసుకోండి.

అపోహ: "రూమ్ ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో బుక్ చేసేస్తే టెన్షన్ ఉండదు."

ఫోటోలు చూసి డిపాజిట్ పంపకండి. కంపెనీ అకామడేషన్ లేనివాళ్లు మొదట దేరా, కరామా, సత్వా, అల్ నహ్దా వైపు బెడ్‌స్పేస్‌లో దిగుతారు, మంచం ఒకటి మనది, మిగతాదంతా అందరిదీ. కానీ పర్మిషన్ లేకుండా ఫ్లాట్‌ని ముక్కలు చేసి కట్టిన పార్టిషన్ల మీద 2025 జూన్‌లో మున్సిపాలిటీ గట్టిగా పడింది, ఉన్నపళంగా ఖాళీ చేయాల్సి వచ్చినవాళ్లు ఉన్నారు. వెళ్లి, కళ్లతో చూసి, ఒక నెలకే కట్టండి. సొంతంగా ఫ్లాట్ తీసుకోవాలంటే ఎమిరేట్స్ ఐడీ, బ్యాంక్ అకౌంట్, చెక్కులు, డిపాజిట్, ఏజెంట్ కమిషన్, అద్దె ఒప్పందానికి ఎజారీ రిజిస్ట్రేషన్, కరెంటు నీళ్లకి దేవా అనే సంస్థలో 2,000 దిర్హమ్‌ల డిపాజిట్, ఇవన్నీ ఒకేసారి మీద పడతాయి. రెండు నెలల ఖర్చు చేతిలో లేకుండా ఎక్కొద్దని నేను గట్టిగా చెప్తా.

అపోహ: "ఇండియా లైసెన్స్ ఉంది, డ్రైవర్ జాబ్ గ్యారంటీ."

మన లైసెన్స్‌ని అక్కడ నేరుగా మార్చి ఇవ్వరు. డ్రైవింగ్ స్కూల్, టెస్టులు, వేల దిర్హమ్‌ల ఖర్చు. ఆ ఖర్చు కంపెనీదా, జీతంలో కట్ చేస్తారా అన్నది ముందే రాయించుకోండి.

అపోహ: "మన మందులు, మన మసాలాలు, వాటినెవరు పట్టించుకుంటారు?"

పట్టించుకుంటారు. ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌లు అక్కడ కంట్రోల్డ్ మందులు, డాక్టర్ చీటీతో పాటు అక్కడి ప్రభుత్వ పర్మిట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. ఇంకొకటి, గసగసాలు. యూఏఈలో గసగసాలు నిషేధం. అమ్మ ప్రేమగా నూరి ఇచ్చిన కూర మసాలా పొడిలో గసాలు పడి ఉంటాయి, ఆ సంగతి ఆమెకీ తెలీదు, తీసుకెళ్లేవాడికీ తెలీదు. పొడి చేసేటప్పుడే చెప్పండి, గసాలు వద్దని. పక్కింటివాళ్లు తమ కొడుక్కి ఇమ్మని ఇచ్చే కట్టిన మూట విప్పి చూడకుండా బ్యాగ్‌లో పెట్టొద్దు, వాళ్లు ఏమన్నా అనుకోనీ.

ఇన్సూరెన్స్ సంగతి త్వరగా చెప్పేస్తా. ప్రవాసీ భారతీయ బీమా యోజన, ప్రీమియం రెండేళ్లకి 275 రూపాయలు, మూడేళ్లకి 375, ట్యాక్స్ అదనం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పనికి రాకుండా పోయినా 10 లక్షలు. ఈసీఆర్ క్లియరెన్స్‌తో వెళ్లేవాళ్లకి తప్పనిసరి. పాలసీ కాపీ సూట్‌కేస్‌లో కాదు, ఇంట్లో ఉండాలి, దాంతోపాటు ఆఫర్ లెటర్, వీసా, పాస్‌పోర్ట్ జిరాక్స్‌లు, కంపెనీ పేరు, క్యాంప్ అడ్రస్ కూడా. దుబాయ్‌లో మనవాళ్ల కోసం ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబర్ 800 46342, అది ఫోన్‌లో సేవ్ చేసుకుని ఒక కాగితం మీద కూడా రాసి పర్సులో పెట్టుకోండి, ఫోన్ పోయిన రోజు కాగితమే ఉంటుంది.

చివరిది, చిన్నదే కానీ ప్రతి ఇంట్లో జరిగేది. అక్కడ వాట్సాప్ మెసేజ్ వెళ్తుంది, కాల్ వెళ్లదు. ఇది తెలియక దిగిన రాత్రి ఇంటికి కాల్ కలవక, ఇక్కడ తల్లి అన్నం తినకుండా కూర్చుని, తెల్లారి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చిన సందర్భాలు ఉన్నాయి. అక్కడ కాల్స్‌కి అందరూ వాడేది బోటిమ్ అనే యాప్. వెళ్లే వారం ముందే అమ్మ ఫోన్‌లో అది వేసి, పక్క గదిలోంచి ఒకసారి కాల్ చేసి, పచ్చ బటన్ ఎక్కడ నొక్కాలో చూపించండి.