వస వేరు చెప్పిన ఆవిడ

చిరంజీవులైన పిల్లలకు,

అమ్మమ్మ ఆశీస్సులు. "వసపిట్టలా వాగుతున్నావేంటే" అని మిమ్మల్ని ఎవరో ఒకరు అనే ఉంటారు. వస చిత్తడి నేలలో పెరిగే మొక్క. మా చిన్నప్పుడు దాని కొమ్మును సానరాయి మీద అరగదీసి, మాటలు తొందరగా వస్తాయని పసిపిల్లల నాలుకకు రాసేవాళ్ళు. ఇప్పుడు డాక్టర్లు వద్దంటున్నారు, మీరు ప్రయోగాలు చేయకండి. ఈ వస మొన్న నాకు కెనడా చరిత్రలో కనిపించింది. అక్కడిది మన వసకు చెల్లెలు వరసయ్యే మొక్క.

1795లో, ఒంటారియో సరస్సు ఒడ్డున కింగ్‌స్టన్ ఊళ్ళో బ్రిటిష్ వాళ్ళ తరఫున అక్కడ పాలించే లెఫ్టినెంట్ గవర్నర్ జాన్ సిమ్కో దగ్గుతో, తలనొప్పితో మంచాన పడ్డాడు. మంచాన పడ్డాడన్నానే గానీ, కొన్ని రాత్రులు పడుకోవడం కూడా చేతకాక కుర్చీలోనే కూర్చున్నాడు. భార్య ఎలిజబెత్ తప్ప ఇంకెవరు గదిలో నడిచినా ఆ తలనొప్పికి ఓర్చుకోలేకపోయేవాడు. ఊళ్ళో వైద్యుడినని చెప్పుకునే మనిషి అసలు గుర్రాల డాక్టరు! అప్పుడు మోహాక్ అనే ఆదివాసీ తెగకు చెందిన ఒక పెద్దావిడ ఏదో వేరు చెప్పింది. దాంతో దగ్గు తొందరగానే తగ్గింది. అది వస అనుకుంటానని ఎలిజబెత్ తన డైరీలో రాసింది.

ఆవిడ పేరు మాత్రం రాయలేదు. "కెప్టెన్ బ్రాంట్ తోబుట్టువు" అంది, అంతే. బ్రాంట్ అంటే ఆవిడ తమ్ముడు జోసెఫ్, పేరున్న మోహాక్ నాయకుడు.

అంతకు ముందు ఏడాది సెప్టెంబరులో ఇద్దరూ ఒకే ఓడ ఎక్కారు. కొత్తవాళ్ళెవరినీ ఎక్కించుకోనన్న ఎలిజబెత్, ఈవిడ జబ్బుగా ఉందని ఒప్పుకుంది. ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది, మర్యాద తెలిసిన, తెలివైన ముసలావిడ అని రాసింది. అప్పుడు "ముసలావిడ"కు 58 ఏళ్ళు ఉంటాయేమో, రాసినావిడకు 32. నా వయసు మీకు తెలుసు కాబట్టి దీని గురించి ఇంకేమీ అనను.

ఆ పెద్దావిడే మాలీ బ్రాంట్. మోహాక్ భాషలో ఆమెకున్న ఒక పేరుకు "ఎవరో ఆమెకు పువ్వు అరువిస్తారు" అని అర్థం చెబుతారు. మారుతండ్రి మోహాక్ నాయకుడు. మోహాక్‌లలో వంశం తల్లి వైపు నుంచి వస్తుంది. నాయకుడిని ఎంచేదీ, తప్పు చేస్తే దించేదీ వంశంలోని పెద్ద ఆడవాళ్ళే. ఆదివాసీ వ్యవహారాలు చూసే బ్రిటిష్ అధికారి విలియం జాన్సన్‌తో ఆమె కాపురం చేసింది. వాళ్ళకు ఎనిమిది మంది పిల్లలు. 1774లో ఆయన పోయాడు. తర్వాత అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఆమె బ్రిటిష్ వాళ్ళ వైపు నిలబడింది. తెల్లవాళ్ళు వెయ్యి మాటలు చెప్పినా, ఆదివాసీలకు ఈమె మాట ఒక్కటే ఎక్కువని జాన్సన్ అల్లుడు డేనియల్ క్లాస్ రాశాడు.

ఇక రాతల సంగతి చూడండి. 1791లో ఎలిజబెత్ నలుగురు ఆడపిల్లలను ఇంగ్లండులో వదిలి, ఇద్దరు చిన్నపిల్లలతో భర్త వెంట వచ్చింది. కెనడాలో చూసిందల్లా రాసి, ఆ ఆడపిల్లలను పెంచుతున్న స్నేహితురాలికి ఓడల మీద కట్టలు కట్టలుగా పంపేది. మంచు, దోమలు, వంటలు, ఎవరి టోపీ ఎలా ఉందో, అన్నీ ఉంటాయి. 1806లో భర్త పోయాక మరో 43 ఏళ్ళు బతికింది. ఆ కాగితాలు భద్రంగా మిగిలాయి. సిమ్కో పునాది వేసిన టొరంటో నగరం మొదలైన రోజుల గురించి ఎవరు ఏం రాయాలన్నా వాటి దగ్గరికి వెళ్ళాల్సిందే.

మాలీ పేరుతో మిగిలినవి కొద్దిపాటి ఉత్తరాలే. ఆమె చెబుతుంటే ఎవరో ఇంగ్లీషులో రాసిపెట్టి ఉంటారని చాలామంది అంటారు. 1778లో, ఇల్లూ పొలమూ వదిలి పారిపోయి నయాగరాలో తలదాచుకున్నప్పుడు క్లాస్‌కు ఒకటి రాయించింది. మోహాక్ నది ఒడ్డున మా ఇళ్ళకు మేమంతా తిరిగి వెళ్ళే రోజు దగ్గరలోనే ఉందని ఆశ అంటుంది అందులో. నేను ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. యుద్ధం బ్రిటిష్ వాళ్ళు ఓడిపోయారు. ఆ నేల అమెరికాది అయిపోయింది. బ్రిటిష్ వాళ్ళు ఆమెకు ఏటా 100 పౌండ్ల పింఛను, కింగ్‌స్టన్‌లో ఒక ఇల్లు ఇచ్చారు. వస వేరు చెప్పిన మరుసటి ఏడు, 1796 ఏప్రిల్‌లో, ఆ ఊళ్ళోనే పోయింది. ఆమె సమాధి ఆ ఊరి శ్మశానంలో సరిగ్గా ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి గీసిన బొమ్మ ఒక్కటీ దొరకలేదు. 1986లో కెనడా తపాలా శాఖ ఆమె పేరుతో స్టాంపు వేసినప్పుడు, ముఖం ఎలా ఉండేదో తెలియక చిత్రకారిణి ఊహించి మూడు ముఖాలు గీసింది. వెల 34 సెంట్లు. ఎవరెవరి ఉత్తరాల మీదో అతుక్కుని ఆ స్టాంపు దేశమంతా తిరిగింది.

మీ
అమ్మమ్మ