కుళాయి చుక్కలు మీకెందుకు వినపడవు, నాకెందుకు వినపడతాయి

పిల్లలూ,

పక్కన కూర్చుని మాట్లాడితే "ఏంటీ?" అంటాడు గానీ బాత్రూంలో కుళాయి కారడం మాత్రం తాతయ్యకి హాల్లోకి వినపడుతుంది, ఇదేం చెవుడో అని మీరు నవ్వుకోవడం నాకు తెలుసు. నవ్వుకోండి. కానీ ఇది నటన కాదర్రా.

వినడం చెవితో అయిపోదు. చెవి పంపిన వాటిలో ఏది పట్టించుకోవాలో, ఏది వదిలేయాలో తేల్చేది మెదడు. ఫ్యాను కింద చదువుకుంటుంటే కాసేపటికి ఫ్యాను చప్పుడు ఉన్న సంగతే మర్చిపోతారు, అదే కరెంటు పోయి అది ఆగిందంటే ఠక్కున తలెత్తుతారు. అంటే మెదడు వింటూనే ఉంది, మీ దాకా రానివ్వలేదంతే. ఇలా ఏదైనా మారగానే మెదడులో పుట్టే ఒక తరంగం గురించి ఫిన్లాండ్ శాస్త్రవేత్త రిస్టో నాటానెన్, ఆయన తోటివాళ్ళు 1978లో చెప్పారు. చప్పుళ్ళని పట్టించుకోకుండా పుస్తకం చదువుకుంటున్న మనిషిలో కూడా అది వస్తుంది.

ఈ వడపోతని కొలిచే పరీక్ష ఒకటుంది. తలకి మెదడులోని విద్యుత్ అలలని కొలిచే ఈఈజీ తీగలు అంటించి (నొప్పేం ఉండదు) చెవిలో "టక్" అనిపిస్తారు, అర సెకను ఆగి మళ్ళీ అదే "టక్". మొదటిదానికి 50 మిల్లీసెకన్లకల్లా మెదడులో చిన్న అల లేస్తుంది, అందుకే దాని పేరు పీ50. రెండోసారికి, మీలాంటి కుర్రాళ్ళలో, ఆ అల బాగా తగ్గిపోతుంది. వయసు మీదపడినవాళ్ళలో అంతగా తగ్గడం లేదని కొన్ని అధ్యయనాల్లో తేలింది, అందరిలో ఒకేలా కాదనుకోండి. మీ మెదడు పది చుక్కలకే కుళాయిని వదిలేస్తే, నాది వందో చుక్కకి కూడా కొత్త చుట్టమొచ్చినట్టు లేచి నిలబడుతుంది.

ఎందుకంటారా? నాడీకణాలని "ఇక చాలు" అని ఆపే రసాయనం గాబా. ముసలి ఎలుకల్లో వినికిడికి సంబంధించిన మెదడు భాగాల్లో ఇది తగ్గినట్టు చూశారు. దానికి తోడు చెవి కూడా అరిగిపోతుంది. ఒక్కో చెవి లోపల పదిహేను వేల దాకా సన్నటి రోమకణాలు ఉంటాయి, పోయినవి మనుషుల్లో మళ్ళీ మొలవవు. ముందు పోయేది కీచు శబ్దాలు పట్టే వైపు, అంటే స, ష, త లాంటి హల్లులు స్పష్టంగా తెలియవు. చెవి నుంచి వచ్చేది తగ్గేసరికి మెదడు ఆ కాస్తనే పెంచుకుని వినబోతుంది, దాంతో పనికిరాని చప్పుడు కూడా పెరుగుతుంది. మాట సన్నం, రొద పెద్దది.

పెళ్ళిళ్ళలో పెద్దవాళ్ళు ఓ మూల కుర్చీలో ముభావంగా కూర్చుంటే అలిగారనుకుంటారు చూడండి, చాలాసార్లు అది అలక కాదు. ఆ మైకులు, డీజే, గిన్నెల మోత మధ్య ఎదుటివాడి మాట ఏరుకోవడానికే ఓపికంతా అయిపోతుంది, ఇక మాట్లాడే ఓపిక ఎక్కడిది? (డీజే మీద నాకు వేరే కోపం కూడా ఉంది, అది ఇంకో ఉత్తరంలో.)

కాబట్టి నాతో మాట్లాడేటప్పుడు అరవకండి. అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి, హల్లులు ఎక్కడివక్కడే, పైగా పెద్ద గొంతు మాకు చెవిలో పొడిచినట్టుంటుంది. టీవీ కట్టేసి, ఎదురుగా వచ్చి, కొంచెం నిదానంగా చెప్పండి చాలు. రెండుసార్లు అడిగానని "ఏం లేదులే తాతయ్యా" అని మాత్రం అనొద్దు, అదొక్కటే బాధ.

వినికిడి మిషన్ పెట్టుకున్నా రొద పూర్తిగా పోదు, కానీ మాట బాగా తెలుస్తుంది, నేను పెట్టుకుంటాలే. 2020లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్, మతిమరుపు జబ్బు (డిమెన్షియా) ముప్పు పెంచేవాటిలో నడివయసులో వచ్చే వినికిడి లోపాన్ని కూడా చెప్పింది, కాబట్టి ఇది నా ఒక్కడి గొడవ కాదు. మీ నాన్న ఈమధ్య టీవీ సౌండ్ పెంచుతున్నాడు, ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించుకోమని మీరే చెప్పండి. నేను చెప్తే వినడు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య