షవర్ ఎందుకు కారుతోందో చుక్కలే చెబుతాయి

పాఠకురాలు ఒకరు అడిగారు: "షవర్ కట్టేశాక కూడా చుక్కలు పడుతూనే ఉన్నాయి. ప్లంబర్‌ని పిలిస్తే స్పిండిల్ పోయింది, మార్చాలన్నాడు. మావారేమో పైన మిగిలిన నీళ్ళేగా, కాసేపటికి అవే ఆగుతాయంటారు. ఎవరి మాట నమ్మాలి?"

ఇద్దరూ చెప్పింది జరిగేదే. మూతి లోపల నిలిచిపోయిన నీళ్ళు మెల్లగా జారి కారే షవర్లున్నాయి. గోడలోని వాల్వ్ పూర్తిగా మూసుకోక కారే షవర్లూ ఉన్నాయి. ప్లంబర్ చెప్పిన స్పిండిల్ ఆ వాల్వ్‌లో పిడితో పాటు తిరిగే భాగం. కింద నిలబడి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. మీ ఇంట్లో ఉన్నది ఏదో తేల్చుకోవడానికి ఒక మగ్గు, ఒక గడియారం చాలు.

ముందు మిగిలిన నీళ్ళ సంగతి. షవర్ రంధ్రం వెడల్పు ఒక మిల్లీమీటరు అనుకుందాం. ఆ రంధ్రం నోటి దగ్గర నీటి ఉపరితలం తలతన్యత వల్ల, అంటే సాగదీసిన పొరలా ఉండే గుణం వల్ల బిగిసి, నీటినీ గాలినీ అటూ ఇటూ పోనివ్వకుండా ఆపుతుంది. 25 డిగ్రీల దగ్గర నీటి తలతన్యత మీటరుకు 0.072 న్యూటన్లు. దాన్ని రెట్టించి రంధ్రం వ్యాసార్ధంతో భాగిస్తే 288 పాస్కల్స్ వస్తుంది. అంటే ఒక్కో రంధ్రం దాదాపు మూడు సెంటీమీటర్ల ఎత్తు నీటి ఒత్తిడిని ఆపగలదు. ఎనిమిది అంగుళాల వెడల్పున్న షవర్‌ను 30 డిగ్రీలు వంచి పెట్టారనుకోండి. పై వరుస రంధ్రాలకూ కింది వరుసకూ ఎత్తులో పది సెంటీమీటర్ల తేడా వస్తుంది. అంత తేడాను తలతన్యత ఆపలేదు. పై రంధ్రాల్లోంచి గాలి లోపలికి పోతుంది, కింది రంధ్రాల్లోంచి నీరు బయటికి వస్తుంది. తేడా తగ్గేకొద్దీ చుక్కలు నెమ్మదించి ఆగిపోతాయి.

సమతలంగా వేలాడే రెయిన్ షవర్‌లో అన్ని రంధ్రాలూ ఒకే ఎత్తున ఉంటాయి కాబట్టి నీరు అలాగే నిలిచిపోతుంది. ఎప్పుడో తలుపు గట్టిగా పడితేనో, గోడ కాస్త అదిరితేనో ఒకచోట గాలి దూరి, గుప్పెడు నీళ్ళు ఒక్కసారిగా రాలతాయి. అర్ధరాత్రి ఖాళీ బాత్రూంలో నీళ్ళ చప్పుడు విని భయపడే పిల్లలకు ఈ సంగతి పగటిపూట చూపించాలి. కూల్‌డ్రింక్ స్ట్రా పైకొసను వేలితో మూసి గ్లాసులోంచి ఎత్తి, తర్వాత వేలు తీసి చూపిస్తే చాలు, భయం పోయి ఆ స్ట్రా వదలరు.

ఇక మగ్గు పరీక్ష. షవర్ కట్టేసి అరగంట ఆగండి. తర్వాత కింద మగ్గు పెట్టి, అందులో పది నిమిషాల పాటు పడే చుక్కలు లెక్కపెట్టండి. ఇంకో గంటకు మళ్ళీ పది నిమిషాలు. రెండోసారి దాదాపు ఆగేంతగా తగ్గినా, పూర్తిగా ఆగినా అవి మిగిలిన నీళ్ళే. లెక్క మారకపోయినా, కొంత తగ్గి అక్కడే నిలిచినా వాల్వ్ కారుతోందన్నట్టే. మిగిలిన నీళ్ళను తోసే ఎత్తు తగ్గుతూ పోతుంది, పైనున్న ట్యాంకు ఒత్తిడి మాత్రం తగ్గదు. తేడా అంతా అక్కడే ఉంది.

ఈ లెక్కపెట్టిన సంఖ్యను పారేయకండి. అది ఇంకా చాలా చెబుతుంది.

రెండు చదునైన తలాల మధ్య సందులోంచి నీరు పారినప్పుడు, పారే పరిమాణం సందు మందానికి ఘనంలో పెరుగుతుంది. సందు రెట్టింపైతే నీరు ఎనిమిది రెట్లు, మూడింతలైతే ఇరవై ఏడు రెట్లు. ఇదే కుటుంబానికి చెందిన సూత్రం సన్నని గొట్టాలకు కూడా ఉంది. పాజాయ్ అనే ఫ్రెంచి వైద్యుడు సన్నని రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతుందో తెలుసుకోవాలని గాజు గొట్టాలతో ప్రయోగాలు చేసి 1840 ప్రాంతంలో దాన్ని ప్రకటించాడు. గొట్టానికైతే వ్యాసార్ధం నాలుగో ఘాతం. భౌతికశాస్త్రం చదివే పిల్లలు స్నిగ్ధత పాఠంలో, అంటే ద్రవం పారకుండా అడ్డుపడే గుణం గురించిన పాఠంలో, ఈ సూత్రాన్ని కంఠస్థం చేస్తారు. బాత్రూంలో చుక్కలు లెక్కపెట్టించి ఇదీ ఆ కుటుంబపు సూత్రమే అని చూపించే మాస్టారు దొరికితే ఆ పిల్లలు జన్మలో మర్చిపోరు.

వాల్వ్‌కు ఈ లెక్క కట్టి చూద్దాం. ట్యాంకులో నీటిమట్టం వాల్వ్‌కు 10 మీటర్ల ఎత్తున ఉందనుకోండి, అంటే ఇంచుమించు ఒక వాతావరణ పీడనం. నీరు దాటాల్సిన అంచు పొడవు 20 మిల్లీమీటర్లు, వెడల్పు 2 మిల్లీమీటర్లు. సందు ఒక మైక్రాన్ అయితే, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతైతే, సెకనుకు 0.08 ఘనపు మిల్లీమీటర్ల నీరు దాటుతుంది. చుక్క అంటే ఇంచుమించు 50 ఘనపు మిల్లీమీటర్లు. అంటే పది నిమిషాలకు ఒక్క చుక్క. సందు పది మైక్రాన్లయితే దానికి వెయ్యి రెట్లు, సెకనుకు ఒకటిన్నర చుక్క పైనే. ఇరవై మైక్రాన్లకు ఇంకో ఎనిమిది రెట్లు. అక్కడికి చుక్కలు పోయి సన్నటి ధార మొదలవుతుంది.

వెనక్కి పోదాం. సందు ఒక మైక్రాన్‌లో పదో వంతైతే చుక్క కూడడానికి వారం పడుతుంది. అంత నెమ్మదిగా వచ్చే నీరు చుక్కయ్యే లోపే ఆరిపోతుంది. మనం "అస్సలు కారదు" అనుకునే కుళాయి నిజానికి ఆవిరయ్యే వేగం కన్నా నెమ్మదిగా కారే కుళాయి కావచ్చు. ఈ సంగతి నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది.

అదే లెక్క ఇంకో మాటా చెబుతుంది. అంచంతా బాగానే ఉండి, ఒక్కచోట ఒక మిల్లీమీటరు వెడల్పున పది మైక్రాన్ల లోతు గీత పడితే చాలు, పన్నెండు సెకన్లకు ఒక చుక్క పడుతుంది. మిగతా పందొమ్మిది మిల్లీమీటర్లు ఎంత నున్నగా ఉన్నా లాభం లేదు. అందుకే కారే కుళాయిని బలంకొద్దీ బిగించడం దండగ. బాగున్న భాగమే ఇంకా నలుగుతుంది, గీత గీతలాగే ఉంటుంది. ఇక ట్యాంకు ఎత్తు సంగతి. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒత్తిడి పై అంతస్తు కన్నా మూడింతలుంటే చుక్కలూ మూడింతలే. సందు మూడింతలైతే ఇరవై ఏడింతలు. "కింది ఇల్లు కదా, ప్రెషర్ ఎక్కువ, అందుకే కారుతుంది" అనేవాళ్ళు అసలు దొంగను వదిలేస్తున్నారు.

మీ షవర్ పిడి పూర్తిగా కట్టడానికి రెండు మూడు చుట్లు తిప్పాలంటే లోపల రబ్బరు వాషర్ ఉంది. స్క్రూ తిప్పితే వాషర్ కిందికి దిగి ఇత్తడి సీటు మీద కూర్చుంటుంది. 1845లో ఇంగ్లండులోని రోథర్‌హామ్ ఇత్తడి పోతవాళ్ళు గెస్ట్, క్రైమ్స్ పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇదే. సగం తిప్పుకో, పావు తిప్పుకో ఆగిపోతే సిరామిక్ డిస్కులున్నాయి. ఇది అచ్చం తిరగలి. కింది రాయి కదలదు, పై రాయి పిడితో పాటు తిరుగుతుంది, రెండింటి రంధ్రాలు ఎదురెదురుగా వస్తే నీరు దిగుతుంది, తప్పుకుంటే ఆగుతుంది. తిరగలి రాళ్ళకు గంట్లు పెట్టిస్తాం, వీటిని మాత్రం మైక్రాన్‌కు తక్కువ తేడాతో నున్నగా సాన పడతారు. చేసేది అల్యూమినా అనే పదార్థంతో. గట్టిదనాన్ని కొలిచే మోస్ మానంలో అది 9, ఇసుకలోని క్వార్ట్జ్ 7, పైపుల్లో పేరుకునే సున్నపు పొక్కు 3. కాబట్టి ఇసుక ఈ రాయిని గీయలేదు. కానీ డిస్కుల మధ్య ఇరుక్కుంటే పై డిస్కును పైకెత్తి పడుతుంది. ఎత్తింది ఐదు మైక్రాన్లే అయినా, ఒక మైక్రాన్ సందులోంచి కారే నీటిని ఘనసూత్రం 125 రెట్లు చేస్తుంది. ఇలాంటప్పుడు స్పిండిల్ విప్పి కడిగితే చాలు, కొత్తది అక్కర్లేదు.

వేడినీళ్ళ వైపే ముందు పాడవుతుందని ప్లంబర్లంతా చెబుతారు, అది నిజం. మన బోరు నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడెక్కితే కార్బన్ డయాక్సైడ్ వదిలి, కాల్షియం కార్బనేట్‌గా, అంటే తెల్లటి పొక్కుగా పేరుకుంటుంది. వేడికి రబ్బరు గట్టిపడుతుంది. మూడో కారణం ఎవరూ చెప్పరు. 60 డిగ్రీల నీటి స్నిగ్ధత 25 డిగ్రీల నీటి స్నిగ్ధతలో సగం కన్నా కొంచెమే ఎక్కువ. అదే సందులోంచి వేడినీరు దాదాపు రెట్టింపు వేగంతో పోతుంది. స్నానం అయిన కాసేపు గబగబా కారి, పైపు చల్లారాక సగానికి తగ్గి, కానీ ఎప్పటికీ ఆగకపోతే అది వేడినీళ్ళ స్పిండిలే. రూఢి చేసుకోవాలంటే గీజర్ స్విచ్ ఆపి, దానికి నీరు వెళ్ళే యాంగిల్ కాక్ కట్టేయండి. కాసేపటికి చుక్కలు ఆగితే ఇక అనుమానం లేదు. గీజర్ దగ్గరి సేఫ్టీ వాల్వ్ కారడం మాత్రం వేరే సంగతి. 15 లీటర్ల నీటిని 25 నుంచి 60 డిగ్రీలకు వేడిచేస్తే అది 200 మిల్లీలీటర్ల దాకా పెరుగుతుంది. వెనక్కి పోకుండా నాన్-రిటర్న్ వాల్వ్ ఉంటే ఆ పెరిగిన నీరు అక్కడి నుంచే బయటికి రావాలి. ఆ దారిని ఎట్టి పరిస్థితిలోనూ మూయకండి.

కుళాయి కారే ఇంట్లో లక్ష్మి నిలవదంటారు. సెకనుకు ఒక చుక్క చొప్పున రోజుకు నాలుగు లీటర్ల పైనే, ఏడాదికి 1,570 లీటర్ల దాకా పోతాయి. ఆ నీటిని మేడ మీదికెక్కించే కరెంటు ఖర్చు అర యూనిట్ కూడా ఉండదు, కాబట్టి పోయేది డబ్బు కన్నా ఎక్కువగా నీళ్ళే. వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే వీధిలో అది చిన్న మాటేమీ కాదు. ఈ నమ్మకం వల్ల కుళాయి బాగవుతుందంటే నాకు అభ్యంతరం లేదు. కానీ కొందరు ఏ దిక్కున కారుతోందని వాస్తు అడిగి, స్పిండిల్ జోలికి పోకుండా కుళాయినే ఇంకో గోడకు మార్పిస్తారు. అది తప్పు. చూడాల్సింది ఏ దిక్కున కారుతోందని కాదు, ఏ సీటు మీద కారుతోందని.

రిపేరు పని కష్టమేమీ కాదు. బాత్రూం వాల్వ్ గానీ, లేదంటే ట్యాంకు కింది గేట్ వాల్వ్ గానీ కట్టి, షవర్ తిప్పి పైపులో నీళ్ళు పోనివ్వండి. నేల మీది నీళ్ళు పోయే నహానీ ట్రాప్ జాలీ మీద పాత గుడ్డ పరవండి, లేకపోతే పిడి స్క్రూ అందులోకే పోతుంది. మూత, స్క్రూ, పిడి తీసి, స్పిండిల్‌ను స్పానర్‌తో విప్పండి. వాషర్ మీద గుండ్రంగా గాడి పడి ఉంటే అదే కారణం. పొక్కు ఉంటే వెనిగర్‌లో అరగంట నానబెట్టండి. బుడగలు వస్తాయి, ఆ గ్యాస్ కార్బన్ డయాక్సైడే. బాత్రూం కడిగే యాసిడ్ వద్దు, అది పైపూతను తినేస్తుంది. మార్చాల్సి వస్తే పాత స్పిండిల్‌ను చేత్తో పట్టుకుని షాపుకు వెళ్ళండి. పొడవు, మర, పైన పిడి కూర్చునే పళ్ళు కంపెనీకో రకం. షవర్ ఆన్ చేసినప్పుడు మాత్రమే గోడ దగ్గర కారితే అది షవర్ ఆర్మ్, అంటే గోడలోంచి షవర్‌కు వచ్చే గొట్టం, దాని మర సంగతి, టెఫ్లాన్ టేపు చుడితే పోతుంది.

బిగించే ముందు ఇంకో పని చేయండి. వాషర్ రకమైతే లోపలి ఇత్తడి సీటు మీద చిటికెన వేలు తిప్పి చూడండి. ఎక్కడైనా గోరుకు గాడి తగిలితే, కొత్త వాషర్ వేసినా కొన్నాళ్ళకు మళ్ళీ కారుతుంది. ఆ సందులోంచి నీరు నెలల తరబడి దూసుకుపోతూ ఇత్తడిని కోసేసిందన్నమాట. సీటు కటర్ ఉన్న ప్లంబర్ అయితే పది నిమిషాల్లో దాన్ని మళ్ళీ చదును చేస్తాడు. గాడి మరీ లోతైతే గోడలోని బాడీ మొత్తం మార్చాలి, అంటే టైల్స్ పగలగొట్టాలి. పన్నెండు సెకన్లకు ఒక చుక్క పడుతున్నప్పుడే విప్పితే వాషర్‌తో పోయేది, ధార అయ్యేదాకా ఊరుకుంటే అక్కడిదాకా వస్తుంది.