పులుపు పోయిన విటమిన్ సి

అరగ్లాసు నీళ్ళలో 10 గ్రాముల ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే విటమిన్ సి, కరిగించి 4.8 గ్రాముల వంటసోడా చిటికెడు చిటికెడుగా వేయండి. ఒక్కసారే వేస్తే పొంగి బల్ల తడుస్తుంది. లీటరుకు పైగానే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది మరి. నురగ చల్లారాక పులుపు ఉండదు, కాస్త ఉప్పన తగులుతుంది. గ్లాసులో ఉన్నది 11 గ్రాముల పైచిలుకు సోడియం ఆస్కార్బేట్. మూడో కార్బన్ దగ్గరి హైడ్రాక్సిల్‌లో హైడ్రోజన్ పోయి ఆ చోటికి సోడియం వచ్చింది, అంతే.

ఈ లవణం గ్రాములో విటమిన్ సి 889 మిల్లీగ్రాములు, సోడియం 116. బీపీ ఉన్నవాళ్ళు ఆ రెండో అంకె చూసుకోవాలి. భీమవరం, ఆకివీడు రొయ్యల చెరువుల మీద కిలో మేతకు ఆమ్లం 5 గ్రాములు కలిపేవారు దీనికి మారితే 5.6 గ్రాములు వేయాలి.

ఘాటు తగ్గింది కదా, ఎక్కువకాలం నిలుస్తుందనుకుంటే పొరపాటే. పొడిగా, గాలి తగలకుండా ఉన్నంతవరకు ఫరవాలేదు. నీళ్ళలో పడ్డాక మాత్రం హైడ్రోజన్ వదిలేసిన ఆస్కార్బేట్ ఆమ్లం కన్నా తేలిగ్గా ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తుంది. రాగి, ఇనుము లేశమాత్రం ఉన్నా ఆ పని ఇంకా జోరందుకుంటుంది. అందుకే రాగి చెంబులో కలపకూడదు. తుప్పురంగు తేలే బోరునీళ్ళూ పనికిరావు. పొద్దున కలిపిన బకెట్ సాయంత్రానికి పసుపు తిరిగిందంటే సరుకు చెడడం మొదలైనట్టే.

ఇంకో చిక్కు, కరిగే గుణం. 100 మిల్లీలీటర్ల నీళ్ళలో 60 గ్రాములకు పైగా కరుగుతుంది. బైండర్, అంటే మేతకు అంటిపెట్టే జిగురు, పట్టించి నీడన ఆరబెట్టకపోతే రొయ్య నోటికి చేరేలోపే మేతనుంచి కడుక్కుపోతుంది. కొందరు నేరుగా చెరువులో చల్లుతారు. ఎకరం చెరువు, నాలుగడుగుల లోతు అంటే దాదాపు 49 లక్షల లీటర్లు. కిలో చల్లినా లీటరుకు వచ్చేది 0.2 మిల్లీగ్రాములే! డబ్బులు నీళ్ళలో పోయడమంటే ఇదే.

క్లోరిన్ విరవడానికైతే బాగా పనికొస్తుంది. గ్రాము క్లోరిన్‌కు 2.8 గ్రాములు చాలు, ఆమ్లంలా నీటి పీహెచ్‌ను కిందికి లాగదు. లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్ళు 100 లీటర్లు అక్వేరియంలో పోయాలంటే 0.28 గ్రాములు, అంటే చిన్న చిటికెడు.

మేత మిల్లుల్లో ఆవిరి వేడికి ఈ లవణం ఆగదు. అక్కడ రెండో కార్బన్ దగ్గర ఫాస్ఫేట్ తగిలించిన రకం వాడతారు. రొయ్య పొట్టలోని ఎంజైమ్ ఆ ఫాస్ఫేట్‌ను ఊడదీసి విటమిన్‌ను విడిపిస్తుంది. డబ్బా మీద విటమిన్ సి 35 శాతం అని ఉంటే ఆ కిలో సుమారు 394 గ్రాముల సోడియం ఆస్కార్బేట్‌తో సమానం. ధర బేరీజు వేసేది ఆ లెక్కనే.