నెగ్గిన వంగడం నిజంగా ఎంత పండుతుంది?

విజయనగరంలోని వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి భారతి, చంపావతి వంటి చోడి (రాగి) వంగడాలు వెలువడ్డాయి. సాధారణంగా ఏ వంగడాన్నైనా విడుదలకు ముందు మరికొన్నింటి సరసన మళ్లలో వేసి, సగటు దిగుబడులు పోల్చి, మిన్నగా నిలిచినదానిని ఎంచుతారు. మేలైనదాన్ని ఎలా ఎంచాలన్న ప్రశ్నకు గణాంక శాస్త్రవేత్తలు బెకోఫర్, శాంతి గుప్తా 1950లలోనే మంచి పద్ధతులు చూపారు. ఎంచాక దాని అసలు దిగుబడి ఎంతని చెప్పాలన్నది అంతకంటె చిక్కైన ప్రశ్న.

పది చోడి వంగడాల అసలు దిగుబడి ఒకటేననీ, అది హెక్టారుకు 20 క్వింటాళ్లనీ ఊహిద్దాం. నేల సారం, తేమ, పిట్టల బెడద మడికో తీరుగా ఉంటాయి కనుక ప్రతి సగటుకూ 2 క్వింటాళ్ల ప్రామాణిక దోషం (అసలు విలువ నుంచి సగటు మామూలుగా అటో ఇటో తప్పే మేర) ఉందనుకుందాం. ఈ దోషాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా సామాన్య విభాజనాన్ని (నడుమ ఎక్కువగా, అంచుల్లో తక్కువగా ఉండే గంట ఆకారపు పంపకాన్ని) అనుసరిస్తే, పదింటిలో పైన నిలిచిన సగటు అసలు విలువ కంటె ప్రామాణిక దోషానికి దాదాపు 1.54 రెట్లు ఎక్కువగా, అంటే 23 క్వింటాళ్లకు చేరువగా కనబడుతుంది. పోటీలో రెండే ఉంటే ఆ పెంపు 0.56 రెట్లే. విడిగా చూస్తే ఏ సగటులోనూ మొగ్గు (ఒకే వైపుకు తప్పే తీరు) లేదు. అన్నింటికంటె పెద్దదాన్ని ఏరుకోవడంతోనే, మంచి వంగడంతో పాటు అదృష్టం కలిసొచ్చిన మడిని కూడా ఏరుకున్నట్టయింది. మరుసటి ఏడు దిగుబడి తగ్గితే వాననో విత్తనాన్నో తప్పుపడతారు గానీ, లెక్కలోని ఈ పొంగు ఎవరికీ తట్టదు. ఒక వంగడం మిగతావాటికంటె నిజంగానే ఎంతో ముందుంటే మాత్రం పొంగు దాదాపు ఉండదు.

అగ్రస్థానపు సగటు నుంచి కొంత తీసివేస్తే సరిపోదా? ఎంత తీసివేయాలన్నది వంగడాల అసలు తేడాలను బట్టి ఉంటుంది, అవేమో మనకు తెలియవు. ఒకే విడత పరీక్షతో, సామాన్య విభాజనపు సందర్భంలో, ఏ మొగ్గూ లేని అంచనా అసాధ్యమని పుట్టర్, రూబిన్‌స్టీన్ 1968లో నిరూపించారు. సగటులన్నింటినీ ఉమ్మడి సగటు వైపు కుదించే స్టీన్ తరహా పద్ధతి మొత్తం మీద దోషాన్ని తగ్గిస్తుంది గానీ, నెగ్గినదాని విషయంలో మొగ్గు పూర్తిగా పోతుందని హామీ ఇవ్వదు.

నెగ్గిన వంగడాన్ని మళ్లీ పండించి, ఆ రెండో పంట సగటునే తీసుకుంటే మొగ్గు పోతుంది. కానీ మొదటి పంట సమాచారమంతా వృథా అవుతుంది. రెండు విడతలనూ కలిపి, మొగ్గు లేకుండా, తక్కువ చలనంతో (అంటే తక్కువగా చెదిరేలా) అంచనా కట్టే సూత్రాన్ని కోహెన్, సాక్రోవిట్జ్ 1989లో ఇచ్చారు. అసలు దిగుబడి రెండు విడతల్లోనూ మారదన్నది ఆ సూత్రానికి ఆధారం. వాన మీదే ఆధారపడ్డ విజయనగరం మెట్టభూముల్లో అది తేలిగ్గా ఒప్పుకోదగిన ఊహ కాదు కాబట్టి, ఏటేటా వచ్చే తేడాకు లెక్కలో వేరే పదం చేర్చవలసి ఉంటుంది.