అక్క పేరు పక్కన చెల్లి పేరు: అపోహలు, వాస్తవాలు

జూనియర్ కళాశాలలో ఇరవై ఆరేళ్లు తెలుగు, సంస్కృతం చెప్పాను. నా దగ్గర చదువుకున్న పిల్లలు తల్లిదండ్రులయ్యాక పేర్ల కోసం రావడం మొదలైంది. వాళ్ల వెంట వాళ్ల బంధువులు, ఆ బంధువుల ఇరుగుపొరుగువారు వచ్చారు. పదవీ విరమణ తర్వాత నా రోజుల్లో ఎక్కువ భాగం ఈ పనికే పోతోంది. ఒక మనిషి జీవితాంతం మోసే మాటను ఎంచడంలో సాయపడటం కన్నా ఇష్టమైన పని నాకు మరొకటి లేదు.

తొలిచూలు బిడ్డకు పేరు అడిగేవాళ్లు "మంచి అర్థం ఉన్నది చెప్పండి" అంటారు. రెండోసారీ ఆడపిల్ల పుట్టాక వచ్చేవాళ్లు చాలామంది అర్థం ఊసే ఎత్తరు. "పెద్దమ్మాయి పేరు ఇది, దీనికి కలిసేది చెప్పండి మేడమ్" అంటారు. నాకు పేచీ అక్కడే. అక్కచెల్లెళ్ల పేర్లు అందంగా అమరడం నాకూ ఇష్టమే. కానీ ఆ రెండు పేర్లూ కలిపి వినబడేది ఒక ఇంట్లో, కొన్నేళ్లపాటు. తర్వాత చదువులు, ఉద్యోగాలు, పెళ్లిళ్లు వచ్చి ఎవరి పేరు వాళ్లతో వెళ్లిపోతుంది. అక్క పేరు ఎన్నడూ వినని వాళ్ల ముందు కూడా చెల్లి పేరు నిండుగా నిలబడాలి. ఈ విషయంలో నేను మళ్లీ మళ్లీ వినే అపోహలను, వాటికి నేను ఇచ్చే జవాబులను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇద్దరి పేర్లూ ఒకే అక్షరంతో మొదలవ్వాలి

పేర్ల గురించి మన పెద్దలు రాసిన నియమాలు చూడండి. ఇంట్లో జరిగే సంస్కారాల విధులు చెప్పే పారస్కర గృహ్యసూత్రం ఆడపిల్ల పేరులో అక్షరాల సంఖ్య బేసి కావాలని, చివర ఆకారం ఉండాలని అంటుంది. మనుస్మృతి అయితే పేరు సులువుగా పలకాలని, కటువుగా ఉండరాదని, అర్థం స్పష్టంగా తెలియాలని, మనసుకు హాయినివ్వాలని చెబుతుంది. ఈ రెండు చోట్లా తోబుట్టువు పేరు ప్రస్తావన లేదు.

జన్మనక్షత్రం ప్రకారం పేరు పెట్టాలనుకునే ఇళ్లలో ఈ పట్టుదల ఇంకా చిక్కు తెస్తుంది. ఇరవై ఏడు నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108 అక్షరాలు. పెద్దమ్మాయిది రోహిణి రెండో పాదమైతే 'వా' వస్తుంది. చిన్నమ్మాయిది మఖ మొదటి పాదమైతే 'మా' వస్తుంది. రెండూ ఒకటి కావడం అరుదు. పైగా ఆరుద్ర మూడో పాదానికి 'ఙ', హస్త మూడో పాదానికి 'ణ' వస్తాయి. వాటితో మొదలయ్యే పేరు ఎక్కడ దొరుకుతుంది? అందుకే జన్మనామం వేరు, వ్యవహారనామం వేరు అనే పద్ధతి వచ్చింది. నక్షత్రాన్ని జన్మనామంలో గౌరవించి, పిలిచే పేరును స్వేచ్ఛగా ఎంచుకోవచ్చు.

ఒకే అక్షరం తెచ్చిపెట్టే కష్టాన్ని కళ్లారా చూశాను. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల పేర్లలోనూ మొదటి రెండక్షరాలు ఒకటే. ఇంటిపేరు ఒకటే, తండ్రి పేరు ఒకటే, చిరునామా ఒకటే. ఒక రక్తపరీక్షా కేంద్రంలో అక్క ఫలితాన్ని చెల్లి పేరున ఇచ్చారు. ఆ కాగితం పట్టుకుని వాళ్లమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. పరీక్ష మళ్లీ చేయిస్తే గానీ పొరపాటు బయటపడలేదు. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుందని, దాని పక్కన ఒక్క అక్షరమే రాసే చోట్లు ఎన్నో ఉంటాయని మరిచిపోవద్దు.

అపోహ: చివర ప్రాస కుదిరితేనే జోడీ

సాన్వి-తన్వి, హాసిని-లాసిని, రితిక-కృతిక. పదిమందిలో ఎనిమిది మంది నా దగ్గరకు తెచ్చే జాబితాలు ఇలాగే ఉంటాయి. చెవికి ఇంపుగా ఉందని అనిపిస్తుంది, నిజమే. కానీ తెలుగులో పిలవడం ఎలా జరుగుతుందో ఒక్కసారి ఆలోచించండి. మనం పిలిచేటప్పుడు చివరి అచ్చును సాగదీస్తాం. లతా! ఉమా! సాన్వీ! తన్వీ! వంటింట్లోంచి మేడ మీదకు కేక వేస్తే మొదటి అక్షరం గాలిలో కలిసిపోతుంది, పైకి చేరేది ఆ చివరి 'న్వీ' ఒక్కటే. ఇద్దరూ పలుకుతారు, లేదా నన్ను కాదులే అనుకుని ఇద్దరూ ఊరుకుంటారు.

అసలు మన భాషలో రెండు మాటలు కలవడానికి చివరి ప్రాస ఒక్కటే దారి కాదు. మన పద్యం వెయ్యేళ్లుగా యతి మీద, ప్రాస మీద నడిచింది. పద్యంలో ప్రాస అంటే అన్ని పాదాల్లోనూ రెండో అక్షరంలోని హల్లు కలవడం. దాని ముందున్న అక్షరం ఒకచోట గురువు, అంటే సాగే అక్షరం, అయితే అన్నిచోట్లా గురువు, లఘువు, అంటే పొట్టి అక్షరం, అయితే అన్నిచోట్లా లఘువు కావాలి. ఆ లెక్కన మాధవికి రాధిక ప్రాస. వనజకు సునీత ప్రాస. పలికి చూడండి. పోలిక లోపల ఎక్కడో వినిపిస్తుంది, కానీ ఒకరిని పిలిస్తే మరొకరు రారు.

యతి ఇంకా సొగసైనది. పాదం మొదటి అక్షరంతో అదే పాదంలో ఒక నియమిత స్థానంలోని అక్షరం కలవడమే యతి. ఒకే అక్షరం అక్కర్లేదు, స్నేహం ఉన్న అక్షరమైతే చాలు. చ, జ, శ, ష, స వర్ణాలకు తమలో తమకు మైత్రి ఉంది, వాటి మీది అచ్చులు కూడా కలవాలి. అందుకే చందన పక్కన సాహితి అంత హాయిగా ఒదుగుతుంది. అకారానికి, హకారానికి, యకారానికి మైత్రి ఉంది కనుక అనూష, హారిక, యామిని ముగ్గురూ ఒక గూటి పేర్లే. మొదటి అక్షరం ఒకటే కావాలని పట్టుబట్టే తల్లిదండ్రులకు నేను ముందు చూపించే దారి ఇదే. కోరిక సగం తీరుతుంది, కాగితాల గందరగోళం తప్పుతుంది.

"అక్షరాలు సమానంగా ఉండాలి కదా" అని మరికొందరు అడుగుతారు. అక్షరాలను కాదు, మాత్రలను, అంటే పలికే కాలాన్ని లెక్కపెట్టండి. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. వనజలో మూడక్షరాలు, రాధలో రెండే. కానీ వనజ మూడు లఘువులు, రాధ ఒక గురువు, ఒక లఘువు. రెండూ మూడు మాత్రలే, తూకం సమానం. మాధవి, శారద, సాహితి మూడూ భగణాలే, గురువు తర్వాత రెండు లఘువులు. ఒకే నడక, ఒక్క అక్షరం కూడా కలవనక్కర్లేదు.

తరగతిలో ఛందస్సు చెప్పేటప్పుడు ఉత్పలమాల, చంపకమాల అక్కచెల్లెళ్లని చెప్పేదాన్ని. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు. దాని మొదటి గురువు తీసి రెండు లఘువులు పెడితే ఇరవై ఒక్క అక్షరాల చంపకమాల అవుతుంది. తర్వాతి నడకంతా ఒకటే. అయినా చదివేటప్పుడు ఒకదాన్ని చూసి మరొకటి అని ఎవరూ పొరబడరు, మొదటి అడుగే తేడా చెప్పేస్తుంది. అక్కచెల్లెళ్ల పేర్లు అలా ఉంటే నాకు ఎంతో తృప్తి.

అపోహ: రెండో పేరుకు అర్థం అంత ముఖ్యం కాదు, వినసొంపుగా ఉంటే చాలు

ఈ మధ్య ఒక జంట వచ్చారు. పెద్దమ్మాయి మహతి. చిన్నమ్మాయికి ఫోనులో వెతికి 'ప్రహతి' ఎంచుకున్నారు. ఆ పేరుకు గొప్ప వెలుగు అని అర్థం రాసి ఉందట. సంస్కృతంలో ప్రహతి అంటే దెబ్బ. మహతిలో 'హతి' అనే ప్రత్యయమేదో ఉందనుకుని దాని ముందు మరో అక్షరం అతికించారు ఎవరో. మహత్ అనే మాటకు స్త్రీలింగ రూపం మహతి, దాన్ని అలా విరవడానికి వీలు లేదు. విడిగా 'హతి' అంటే కొట్టడం, చంపడం. ఆ తల్లి ముఖం చూసి నాకే కష్టం వేసింది.

అక్క పేరులో ఒక అక్షరం తీసేసో చేర్చో చెల్లి పేరు తయారుచేస్తే జరిగేది ఇదే. అదితి అంటే హద్దులు లేనిది, దేవతల తల్లి. ముందున్న 'అ' తీసేస్తే దితి. ఆమె దైత్యుల తల్లి, ఆ మాటకు ఖండించడం అనే అర్థముంది. ఇక సాన్వి అంటే లక్ష్మీదేవి అని అందరూ చెప్పుకుంటారు. సంస్కృత నిఘంటువు అమరకోశంలో లక్ష్మి పేర్ల వరుస చూడండి: పద్మాలయ, పద్మ, కమల, శ్రీ, హరిప్రియ, ఇందిర, లోకమాత, మా, క్షీరోదతనయ, రమ, భార్గవి. అందులో సాన్వి లేదు. పేరు నచ్చితే పెట్టుకోండి, నేను అడ్డు చెప్పను. కానీ ఆ అర్థం నమ్ముకుని పెట్టొద్దు.

అర్థంతోనే జోడీ కుదర్చాలంటే దారులు బోలెడు. మహతి నారదుడి వీణ పేరు. తుంబురుడి వీణ కళావతి, విశ్వావసువు అనే గంధర్వుడిది బృహతి, సరస్వతీదేవిది కచ్ఛపి. మహతికి కళావతి చెల్లెలైతే ఎంత బాగుంటుందో! శబ్దంలో దూరం, వంశం ఒకటి. అలాగే కల్యాణికి శ్రీరంజని, ఇద్దరూ రాగాలు. తరళకు రుచిర, ఇద్దరూ పద్యవృత్తాలు. కంచి కామాక్షి, మధుర మీనాక్షి, కాశీ విశాలాక్షి వరుస మీకు తెలిసిందే.

ఒక్కోసారి మరీ దగ్గరగా వెళ్లి ఒకే పేరు రెండుసార్లు పెట్టేస్తారు. జలజ, నీరజ, వనజ అన్నిటికీ నీటిలో పుట్టినదనే అర్థం, వనమంటే నీరు కూడా. తప్పేమీ లేదు, తెలిసి పెట్టుకుంటే ముచ్చటే.

అపోహ: పురాణాల్లోని జంట పేర్లైతే ఎప్పుడూ శుభమే

కథ తెలుసుకుని పెట్టండి. రోహిణి, రేవతి అని కవలలకు పెడతామని ఒక తాతగారు అడిగారు. భాగవతంలో రోహిణి బలరాముడి తల్లి, రేవతి బలరాముడి భార్య, అంటే అత్తాకోడళ్లు. నక్షత్రాలుగా తీసుకుంటే దక్షుడి కూతుళ్లు, అక్కచెల్లెళ్లే. అయితే ఆ కథలో వాళ్ల భర్త చంద్రుడు రోహిణి మీదే మక్కువ చూపాడని మిగతావాళ్లు తండ్రికి మొరపెట్టుకున్నారు, దక్షుడు శపించాడు, చంద్రుడికి క్షయం వచ్చింది. ఈ సంగతులన్నీ చెప్పాక కూడా ఆయన ఆ పేర్లే పెట్టారు. నాకు సంతోషమే, ఎందుకంటే తెలిసి పెట్టారు. పిల్లలు పెద్దయ్యాక అడిగితే చెప్పడానికి ఆయన దగ్గర కథ ఉంది.

కద్రువ, వినత కూడా అక్కచెల్లెళ్లే. ఒక పందెంలో మోసం చేసి ఒకరు మరొకరిని దాసిని చేసుకున్నారు. వినత ఒక్కటీ చక్కని పేరు, వినయం గలదని అర్థం, వేరే పేరు పక్కన నిశ్చింతగా పెట్టుకోవచ్చు. హాయిగా జంటగా పెట్టుకోదగినవి గంగ, ఉమ. రామాయణ బాలకాండ ప్రకారం ఇద్దరూ హిమవంతుడి కూతుళ్లు, గంగ పెద్దది.

నది పేరు, చెట్టు పేరు ఉన్న పిల్లను పెళ్లాడకూడదని మనుస్మృతిలో ఉన్న మాట నిజమే. కృష్ణవేణి, గోదావరి, తులసి పేర్లతో నిండిన మన ఊళ్లు ఆ మాటను ఎన్నడో పక్కన పెట్టాయి. నేనూ పెడతాను.

అపోహ: సంస్కృతం పేరు పక్కన తెలుగు పేరు ఆనదు

ఈ మాట వింటే మనసు చివుక్కుమంటుంది. రామాయణం రాసిన కవయిత్రి పేరు మొల్ల, అచ్చమైన పూల పేరు. శ్రీజ చెల్లెలు సిరి కావచ్చు. శ్రీ ప్రకృతి, సిరి దాని వికృతి, రెండూ ఒకే మాట. శారదకు వెన్నెలను మించిన చెల్లెలు ఉంటుందా? శరత్కాలమూ వెన్నెలా విడిగా ఉండవు కదా.

అపోహ: ఇద్దరి పేర్ల సంఖ్యలూ కలవాలి

ఆ సంఖ్యలు లెక్కగట్టేది ఇంగ్లీషు అక్షరాలతో. స్వాతి అనే పేరును మనవాళ్లు ఇంగ్లీషులో 'టి' పక్కన 'హెచ్' చేర్చి రాస్తారు, ఉత్తరాదివారు చేర్చరు. పేరు ఒకటే, సంఖ్య మారిపోతుంది. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

అపోహ: రెండోదీ ఆడపిల్లే కాబట్టి ఏదో ఒకటి పెట్టేద్దాం

నోటితో ఇలా అనరు. "తేజస్ అనుకున్నాం, పాప పుట్టింది, తేజస్విని చేసేయండి" అంటారు. తేజస్విని మంచి పేరే. కానీ ఎవరో రావాల్సిన చోట వచ్చినందుకు మిగిలిన పేరు ఇస్తున్నామన్న భావంతో పెట్టకండి. 2011లో మహారాష్ట్రలోని సతారా జిల్లాలో 'నకుశా' అనే పేరున్న 280 మందికి పైగా ఆడపిల్లలకు కొత్త పేర్లు పెట్టారు. ఆ మాటకు 'అక్కర్లేనిది' అని అర్థం. బడిలో హాజరు పిలిచిన ప్రతిసారీ ఆ పిల్లలు ఆ మాటకే పలికారు. పేరు బిడ్డతో మనం మాట్లాడే మొదటి మాట. రెండోదానికీ మొదటిదానికి వెతికినన్ని రోజులు వెతకండి.

అపోహ: బారసాల నాటికి తేలకపోతే ఇక ఇబ్బందే

పదకొండో రోజో, ఇరవై ఒకటో రోజో పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాయడం మన ముచ్చట. ఆ రోజుకు జన్మనామం రాసి, మిగతాది నిదానంగా తేల్చుకున్న ఇళ్లు ఎన్నో చూశాను. ప్రభుత్వ నమోదుకు కూడా తొందర లేదు. పుట్టుకను 21 రోజుల్లో నమోదు చేయించాలి, అంతే. పేరు లేకుండా కూడా నమోదవుతుంది. నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోగా పేరును రుసుము లేకుండా చేర్చవచ్చు, ఆ తర్వాత ఆలస్య రుసుముతో పదిహేనేళ్ల వరకు చేర్చవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరిక, ఆధార్ మొదలైన వాటికి జనన ధ్రువపత్రమే ఆధారం. కాబట్టి అందులో ఎక్కే అక్షరాలను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రెండుసార్లు సరిచూసుకోండి.

మహతి తల్లిదండ్రులు ఇంకా తేల్చుకోలేదు. కళావతి పాతకాలం పేరని తండ్రికి సందేహం, శ్రీరంజని పొడవని తల్లికి సందేహం. పాపకు ఎనిమిది నెలలు. ఇంట్లో చిట్టి అని పిలుస్తున్నారు. వచ్చే ఆదివారం మళ్లీ వస్తామన్నారు, ఈసారి మహతిని కూడా తీసుకురమ్మని చెప్పాను. ఆ పేరును రోజూ పిలవబోయేది అందరికంటే ఎక్కువగా తనే కదా.