స్పీకరు మెదడు ఎక్కడ ఉంది?

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. కంపెనీ వదిలేసిన స్క్వీజ్‌బాక్స్ రేడియో (వైఫై మీద పాటలు వినిపించే పెట్టె) మన హాల్లో ఇంకా ఎలా పాడుతోందని మొన్న ఫోనులో అడిగారు. అప్పుడు సగమే చెప్పాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

స్క్వీజ్‌బాక్స్‌ను మొదట తయారుచేసింది అమెరికాలోని స్లిమ్ డివైసెస్ అనే చిన్న సంస్థ. 2006లో లాజిటెక్ దాన్ని కొనుక్కుంది, 2012లో ఆ పెట్టెల తయారీ ఆపేసింది. అయినా అవి మూలన పడలేదు. ఎందుకంటే వాటి మెదడు ఇంట్లోనే ఉండవచ్చు. పాటలు వెతకడం, వరుసలో పెట్టడం, పెట్టెకు అందించడం అన్నీ మన కంప్యూటర్‌లో నడిచే సర్వర్ ప్రోగ్రాము చేస్తుంది. వైఫై మీదుగా వచ్చినదాన్ని వినిపించడమే పెట్టె పని. ఆ ప్రోగ్రాము కోడ్ ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. పర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఆ కోడ్‌ను ఇష్టపడినవాళ్ళే ఇన్నేళ్ళుగా బాగుచేసుకుంటూ వచ్చారు.

ఇంటి సర్వర్ లేకున్నా పెట్టెకు పాటలు అందేలా లాజిటెక్ ఇంటర్నెట్‌లో మరో సేవ కూడా నడిపేది. 2024లో దాన్ని మూసేసింది. కేవలం దాని మీదే ఆధారపడినవారు ఇబ్బంది పడ్డారు. ఇంట్లో సర్వర్ పెట్టుకున్నవారికి మాత్రం పాటలు ఆగలేదు. ఆ ప్రోగ్రామే ఇప్పుడు లిరియన్ మ్యూజిక్ సర్వర్ అన్న పేరుతో కొనసాగుతోంది. అమ్మమ్మ పాడిన మంగళహారతులను క్యాసెట్ల నుంచి ఎక్కించింది ఆ కంప్యూటర్‌లోకే. పొద్దున్నే ఆవిడ గొంతు వినడానికి నాకు ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు. ఇంత శ్రమ ఎందుకని మీ నాన్న అడిగితే ఈ మాటే చెప్పండి.

బోస్ సౌండ్‌టచ్ స్పీకర్ల సంగతి వేరు. వాటిలో కొన్ని పనులను కంపెనీ సర్వర్ల మీదే ఆధారపడేలా పెట్టారు. ఆ సేవను ఆపేస్తామని 2025 అక్టోబరులో బోస్ ప్రకటించింది. కొన్నవాళ్ళు ఊరుకోలేదు. 2026 జనవరిలో కంపెనీ గడువు పెంచి, స్పీకరుతో మాట్లాడే పద్ధతిని వివరించే సాంకేతిక పత్రాలను అందరికీ ఇచ్చింది. ఆపేసే ప్రతి సంస్థా కనీసం ఈపాటి మర్యాద చూపించాలని నా గట్టి అభిప్రాయం.

మీ దగ్గరికి పాత స్క్వీజ్‌బాక్స్ పెట్టె ఏదైనా వస్తే, పాడైందని అనుకునే ముందు అడాప్టర్ చూడండి. పెట్టె కంటే ముందు చచ్చేది చాలాసార్లు అదే. కొత్తది కొంటే వోల్టేజీ, పిన్ను ధ్రువత్వం (ప్లస్ ఎటు, మైనస్ ఎటు అన్నది) అచ్చంగా సరిపోవాలి. ఆంపియర్లు ఎక్కువున్నా ఫరవాలేదు, తగ్గకూడదు. తరువాత వైఫై. ఈ పాత పెట్టెలకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు, డబ్ల్యూపీఏ3 అనే కొత్త వైఫై భద్రతా పద్ధతి తెలియదు. కొత్త రూటర్ వచ్చిన రోజే పాట ఆగిపోయిందంటే తప్పు పెట్టెది కాదు. రూటర్‌లో పాత పద్ధతి డబ్ల్యూపీఏ2తో 2.4 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ ఒకటి ఉంచండి, లేదా ఈథర్నెట్ తీగ పెట్టండి. ఒక్క జాగ్రత్త: సర్వర్ వాడే 9000 పోర్టును (నెట్‌వర్క్‌లో దాని తలుపు లాంటిది) ఇంటి బయటికి ఎప్పుడూ తెరవకండి.

నా కంప్యూటర్ ముసలిదైంది. వేసవి సెలవుల్లో మీరు వచ్చినప్పుడు సర్వర్‌ను అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీదికి మారుద్దాం. ఈలోగా అమ్మమ్మ పాటల ఫోల్డరుకు రెండో ప్రతి తీసి ఉంచుతాను. మీరు వచ్చేటప్పుడు ఒక మెమరీ కార్డు తీసుకురండి.

మీ
తాతయ్య